తంబాకు లేస్తదని

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఎండాకాలంలో, కంఠేశ్వర్‌లోని మా గల్లీ మొత్తానికీ హన్మవ్వ ఇల్లే శుభ్రమైన ఇల్లు. ఆ మాట ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను. పాల పాకెట్‌ను సబ్బుతో కడిగేది. నోట్లను పసుపునీళ్లలో ముంచి, దండెం మీద బట్టల క్లిప్పులు పెట్టి ఆరేసేది. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. "పాకెట్‌కు గూడ తానం పోస్తున్నవు, నాకెప్పుడు పోస్తవే?" అని ఆమె భర్త రాజలింగు మంచం మీది నుంచి ఎగతాళి చేసేవాడు.

ఆ తంటా అంతా ఆయన కోసమే. బోధన్ వైపు చెరకు లారీలు నడిపి నడిపి, ఉబ్బసం పట్టి ఇంట్లో కూర్చున్న మనిషి. వాకిలి దాకా నడిచినా ఆయాసం. ఈ రోగం అంటుకుంటే తట్టుకోలేడని డాక్టరు ముందే చెప్పాడు. అందుకే కొడుకు మహేందర్‌ను కూడా చందూర్‌లో అత్తగారింట్లోనే ఉండమని, ఇంటి గడప తొక్కొద్దని ఫోన్‌లో కచ్చితంగా చెప్పేసింది. వాడు అలిగాడు. అలిగితే అలగనీ, వాళ్ల బాపు బతికుంటే నాకంతే చాలు అంది.

ఒక్క రాధాబాయిని మాత్రం రావద్దనలేదు. ఆ ఆలోచనే రాలేదు. పెళ్లయి ఈ గల్లీకి వచ్చిన నాటి నుంచీ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని బీడీలు చుట్టినవాళ్లే. ఎదుట మనిషి లేకపోతే మా బీడీలు చుట్టేవాళ్లకు చెయ్యి సాగదు. రాధాబాయి వాకిట్లో కాళ్లూ చేతులూ కడుక్కుని, హన్మవ్వ పోసిన పసుపునీళ్లు రాసుకుని లోపలికొచ్చేది. ఇక తలుపులు మూత, ఫ్యాన్ బంద్. ఫ్యాన్ తిరిగితే చాటలోని తంబాకు పొడి లేస్తుంది, తడి ఆరి బీడీ చుట్టే తునికాకు పెళుసెక్కుతుంది. అట్లాంటి బీడీలను కార్ఖానాలో పక్కన పడేస్తారు. ఎంత ఉక్కపోసినా సరే, ఒళ్లో చాట ఉన్నంతసేపు మా ఇళ్లలో ఫ్యాన్ తిరగదు.

రోగం గాలిలో ఉంటుంది, కిటికీలు తెరవండి, ఫ్యాన్ వెయ్యండి అని ఆశా వర్కర్ వచ్చి చెప్పింది. హన్మవ్వ సరేనంది. ఆమె మలుపు తిరగగానే కిటికీ మూసేసింది. కడగగలిగినవన్నీ కడుగుతోంది కదా, ఇంకేం భయమనుకుంది పిచ్చితల్లి.

ఒక మధ్యాహ్నం తునికాకు చేబదులు అడుగుదామని వెళ్లి గుమ్మం బయటే నిలబడ్డాను. లోపల రాధాబాయి దగ్గుతోంది. తంబాకు ఘాటుకు దగ్గని బీడీల మనిషి ఎక్కడుంటుంది? మాకెవరికీ అనుమానమే రాలేదు. మంచం మీద రాజలింగు అటూ ఇటూ దొర్లాడు.

"జర ఫ్యాన్ ఎయ్యే, దమ్ము ఆడ్తలేదు" అన్నాడు.

"ఆగు, గీ కట్ట ఒడవనీ. తంబాకు లేస్తది" అంది హన్మవ్వ, తల ఎత్తకుండానే.

ఆయన తువ్వాలుతో విసురుకుంటూ గోడ వైపు తిరిగాడు.

మర్నాడు రాధాబాయికి జ్వరం. వారం తిరక్కుండా హన్మవ్వకూ, రాజలింగుకూ. ఆడవాళ్లిద్దరూ ఎట్లాగో లేచి తిరిగారు. రాజలింగును మాత్రం అంబులెన్స్‌లో ఎక్కించుకుపోయారు, అంతే. ఆ రోజుల్లో పోయినవాళ్ల మొహం ఎవరికి చూపించారు గనక? మహేందర్ వచ్చి శ్మశానం గేటు బయట నిలబడి దండం పెట్టుకున్నాడు. బాపు కోసం గడప తొక్కొద్దన్న కొడుకును, బాపు పోయాక లోపలికి రమ్మని పిలిచింది హన్మవ్వ. అప్పుడామె ఏడ్చిన ఏడుపు గుర్తొస్తే నాకిప్పటికీ అన్నం సయించదు.

రాధాబాయిని ఆమె ఒక్క మాట అనలేదు. అనేసినా బాగుండేది, ఇద్దరికీ కాస్త బరువు దిగేది. రాధాబాయి ఇప్పటికీ వస్తుంది, అదే చోట కూర్చుంటుంది. ఇప్పుడా ఇంట్లో తలుపులు బార్లా తెరిచి ఉంటాయి, ఫ్యాన్ జోరుగా తిరుగుతుంటుంది. తంబాకు గదంతా లేస్తుంది. ఆకు చేతిలోనే పగులుతుంది. కార్ఖానాలో సగం బీడీలు పక్కకు పోతాయి. రాధాబాయి కళ్లు నలుపుకుంటూ చుడుతుందే గానీ ఫ్యాన్ మాట ఎత్తదు.

మొన్న నాకే ఉండబట్టక లేచి స్విచ్ మీద చెయ్యి వేశాను. ఆకంతా పాడైపోతోంది, కాసేపు బంద్ చేద్దాం అవ్వా అన్నాను. ఆమె చాట కింద పెట్టి, ఖాళీ మంచం వైపు చూసింది.

"ఉండనీ శైలజా" అంది. "గాయన ఎయ్యమన్నడు గద."