కంది చేనులో రెండోసారి లెక్క

డిసెంబరులో ఒక మంగళవారం పొద్దున ఆరూ ఇరవైకి లింగంపల్లిలో బస్సెక్కాను. వెళ్ళాల్సింది కొండాపూర్‌కు. హైదరాబాద్ కొండాపూర్ కాదు, సంగారెడ్డి దాటాక వచ్చే కొండాపూర్ మండలం. ఫోన్‌లో మ్యాపు నమ్ముకుని బయల్దేరేవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, లేకపోతే పొద్దున్నే ఏ ఐటీ ఆఫీసు గేటు ముందో తేలతారు.

నిజానికి ఈ ప్రయాణం నాది కాదు, మా చెల్లెలు సుమతిది. అది అడవి తేనెటీగల మీద పరిశోధన చేస్తోంది. అడవి అన్నారు కదా అని అడవుల్లో వెతక్కండి. మనం పెట్టెల్లో పెంచనివి, ఒంటరిగా మట్టిలోనో ఎండు కట్టెలోనో గూడు చేసుకునేవి అన్నమాట. పటాన్‌చెరు ఫ్యాక్టరీ గోడల దగ్గర మొదలుపెట్టి కొండాపూర్ వరకు ఐదు కంది చేలు ఎంచుకుంది. ఫ్యాక్టరీలకు దూరం జరిగే కొద్దీ ఈగలు ఎలా మారతాయో పటం గీయాలి. నాలుగు చేలు అయ్యాయి. ఐదో చేనుకు వెళ్ళే వారమే గట్టు మీద జారి మడమ విరగ్గొట్టుకుంది. కంది పూత ఇంకో నాలుగు రోజులే. ఫెలోషిప్ మార్చితో ఆఖరు, వచ్చే ఏడు పూత దాకా ఆగే వీలు లేదు. "నువ్వు పోతవా అక్కా?" అని అడిగింది. అది నన్ను ఏదైనా సాయం అడగడం నాకు తెలిసి అదే మొదటిసారి. కాలేజీకి సెలవు పెట్టేశాను.

ఆడవాళ్ళకు జీరో టికెట్. ఆధార్ కార్డు చూపిస్తే చాలు, కండక్టరు చింపి చేతిలో పెడతాడు. ఏడూ ఐదుకు పటాన్‌చెరు. కిటికీలోంచి మందుల కంపెనీల వాసన గుప్పుమని కొట్టింది. అక్కడ మెడలో కార్డు వేలాడుతున్న ఒకావిడ ఎక్కి నా పక్కన కూలబడింది. నైట్ డ్యూటీ దిగి సంగారెడ్డిలో ఇంటికి పోతోందట.

"మీరేం పని చేస్తరు మేడం?"

ఈ ప్రశ్నకు నా దగ్గర ఎప్పుడూ సరైన జవాబు ఉండదు. నాది వక్రరేఖల గణితం. ఒక్కో వక్రరేఖకు ఒక్కో చుక్క పెట్టి, ఆ చుక్కలన్నిటితో ఒక పెద్ద పటం కట్టడం. దాన్ని మాడ్యులై స్పేస్ అంటారు. రెండు వక్రరేఖలు పైకి వేరుగా కనిపించినా నిర్మాణం ఒకటే అయితే రెండింటికీ కలిపి ఒకే చుక్క. పదిహేనేళ్ళుగా నా పని ఇదే. తెలిసినంతలో చెప్పాను.

"గట్లయితే మా లైన్ల పన్జేసేటోళ్ళందరికి ఒక్కటే సుక్క మేడం. అందరికి ఒక్కటే టోపి, ఒక్కటే మాస్కు," అని నవ్వి, మరో నిమిషంలో నిద్రపోయింది.

ఎనిమిదికి సంగారెడ్డి బస్టాండు. ఎదురు హోటల్లో ఇడ్లీ, చాయ్. ఇడ్లీ మెత్తగా ఉంది, చట్నీలో కారం మాత్రం దయలేనిది. ఆటో అతను నా సంచీ, టోపీ చూసి "జైలు సూడనీకి వచ్చిన్రా మేడం? మ్యూజియం ఇంక తెరువలే," అన్నాడు. అక్కడి పాత జైలే ఇప్పుడు మ్యూజియం. కంది చేనుకు అన్నాను. నన్ను మళ్ళీ ఒకసారి ఎగాదిగా చూసి, రెండు వందల యాభై అని, చివరికి రెండు వందలకు దిగాడు.

చేను రజియా బేగం గారిది. అరవై దాటిన మనిషి. మూడెకరాల కంది, నాలుగు మేకలు. చెల్లెలు ముందే ఫోన్ చేసి ఉంచింది కాబట్టి ఆవిడ చెట్టు కింద మంచం వేసి, కడవతో నీళ్ళు పెట్టి ఉంచింది. చేనంతా పసుపు పూత. పని సులువే. సాలు వెంట యాభై మీటర్ల తాడు కట్టాలి. తొమ్మిది నుంచి మూడు వరకు అరగంటకోసారి తాడు వెంట నడవాలి. పువ్వు మీద వాలిన ప్రతి ఈగకూ నోటుబుక్కులో ఒక గీత గీయాలి. ఆరు రకాల ఈగల బొమ్మలు సుమతి మొదటి పేజీలోనే అంటించి పెట్టింది.

రెండు నడకలయ్యాక నాకు విసుగొచ్చింది. అదే నల్ల తుమ్మెద, మళ్ళీ అదే నల్ల తుమ్మెద. అదే ఆకు కోసే ఈగ, మళ్ళీ అదే. ఒకటే రకానికి ఇన్ని గీతలెందుకు, ఈ పిల్లకు పొదుపుగా రాయడం ఎప్పుడొస్తుందో అనుకున్నాను. కొత్త పేజీ తీసి, రకానికి ఒక చుక్క చొప్పున పెట్టాను. పాత గీతలు కూడా కొట్టేసి చుక్కలు చేశాను. మూడింటికి పుస్తకం శుభ్రంగా, ముద్దుగా ఉంది. చెల్లెలి పని బాగుచేశానని గర్వంగా కూడా ఉంది, దాచుకోవడమెందుకు!

సంగారెడ్డిలో బస్టాండు దగ్గరే లాడ్జి, ఎనిమిది వందలు, బకెట్టు వేడినీళ్ళు అడిగితే ఇస్తారు. ఆరున్నరకు సుమతికి ఫోన్ చేశాను.

"నల్ల తుమ్మెద ఎన్ని అక్కా?"

"ఉంది."

"ఎన్ని?"

"ఉన్నదంటున్న గదా. ఆరు రకాలూ ఉన్నయి, ఆరు చుక్కలు పెట్టిన."

సుమతి మెల్లగా అంది. "నాలుగు చేలల్ల గూడ గవే ఆరు రకాలున్నయక్కా. ఉన్నయని నాకు తెల్సు. యాడ ఎక్కువ, యాడ తక్కువ, గదే నా పని."

రేపు మళ్ళీ చేస్తానన్నాను. కుదరదంది, రేపు పొద్దున ఏడింటికే రజియమ్మ కాయతొలుచు పురుగుకు మందు కొట్టిస్తోందట. మందు పడితే వారం దాకా ఈగ రాదు, అప్పటికి పూత ఉండదు. "పోనీలే అక్కా, నువ్వు పోయినవు, గంతే సాలు," అంది. తిట్టి ఉంటే బాగుండేది. అది ఎమ్మెస్సీలో లెక్కలు వదిలేసి ఈగల వెంట పడ్డప్పుడు నేను తిట్టాను మరి. "నా అంత తెలివి పెట్టుకుని ఈగలు తోలుకుంటవా?" అన్నాను.

బుధవారం ఆరూ పదికే ఆటో పట్టాను. నేను వెళ్ళేసరికి మందు కొట్టే యాదయ్య వీపుకు డబ్బా తగిలించుకుంటున్నాడు. రజియమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. తప్పు నాదని, చెల్లెలి చదువు ఆగిపోతుందని, మూడింటి దాకా ఆగమని.

"పురుగు ఆగుతదా బిడ్డా?" అంది రజియమ్మ.

ఆవిడ చేనులోకి నడిచి, రెండు కాయలు విప్పి చూసుకుని, తిరిగొచ్చింది.

"నాలుగింటి అసర్ నమాజు అయినంక ఈగ ఒక్కటి గూడ కనవడది. ఏండ్ల సంది సూస్తున్న. యాదయ్యా, అసర్ అయినంక కొట్టు."

"నాకు ఇంకో చేనున్నది పెద్దమ్మా. దాన్ని పొద్దుగూకినంక కొట్టాల్నా?"

"గా చేను ముందుగాల్ల కొట్టు, పో. వచ్చి నాది కొట్టు. మందేమన్న పారిపోతదా?"

యాదయ్య గొణుక్కుంటూనే డబ్బా దించాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. "గిదేందమ్మా, ఈగలకు ఏడుస్తరా ఎవరన్న!" అని ఆవిడ నన్ను మందలించింది.

తొమ్మిదికి మొదలుపెట్టాను. పదకొండింటికి రజియమ్మ జొన్న రొట్టె, ఎర్ర కారం తెచ్చి, తిన్నాక నా వెంటే నడిచింది. ఒక తుమ్మెదకు గీత పెట్టబోయి, ఇందాక వచ్చినదే కదా అని ఆగాను.

"గదే ఎట్లయితది?" అంది. "గా ముందుదానికి రెక్క సినిగి ఉన్నది. దీనికి నిండుగున్నది సూడు."

చూశాను. నిజమే. పన్నెండు తర్వాత నేనే చూడగలిగాను. ఒకదాని వీపంతా పుప్పొడి. ఒకటి బొద్దు, వాలితే రెమ్మ వంగిపోతోంది. ఇంకొకటి పువ్వు తెరవడం చేతకాక రెండుసార్లు జారి, మూడోసారి దూరింది. ఒక్కటీ ఇంకోదానిలా లేదు. నా లెక్కలు తప్పని కాదు, వక్రరేఖల దగ్గర అవి ఒప్పే. ఈ చేనులో మాత్రం ఎన్ని ఈగలొస్తే అన్ని గీతలు. చివరి నడక మూడింటికి ముగిసింది. రజియమ్మ రెండు చేతులూ పట్టుకుని సెలవు తీసుకున్నాను.

నాలుగున్నరకు సంగారెడ్డిలో బస్సు, కిటికీ సీటు. మీరు వెళ్తే కంది పూతలోనే వెళ్ళండి, టోపీ మరవకండి. చూడ్డానికి ఏముంటుందని అడగకండి, పొద్దెక్కాక పసుపు పూల మధ్య ఒక గంట కదలకుండా కూర్చోండి. పుట్టి పెరిగిన జిల్లా పక్కనే ఇంతమంది పనిచేసుకుంటున్నారని నలభై నాలుగేళ్ళకు తెలిసింది నాకు.

హైవే ఎక్కగానే సుమతికి ఫోన్ చేసి అంకెలు చదవడం మొదలుపెట్టాను. అది టైపు చేసుకుంటోంది. ఎదురుసీటు పెద్దాయన మార్కెట్ రేట్లు అనుకున్నాడేమో, తన ఫోన్ ఆపి మరీ విన్నాడు. నల్ల తుమ్మెద అయింది. ఐదు రకాలయ్యాయి. చివరిది ఆకు కోసే ఈగ.

"యాభై ఏడు," అన్నాను.

"యాభై ఏడా! నాలుగు చేలల్ల ఎక్కడ గూడ గిన్ని రాలేదక్కా!"

"సుమా, ఒక మాట చెప్త విను. మనిద్దరం ఒక్కటే అనుకున్న ఇన్నేండ్లు. ఒక్కటే తెలివి, ఒక్కటే దారి అనుకున్న. నువ్వు దారి తప్పినవని తిట్టిన. నువ్వు నా లెక్క కాదు. నేను నిన్ను నిన్నుగ ఎన్నడు సూడలే. తప్పు నాదే."

"ఇప్పుడెందుకక్కా గవన్ని, బస్సుల?"

"బస్సుల్నే చెప్త."

అటువైపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. పటాన్‌చెరు వచ్చేదాకా ఇద్దరం ఫోన్ పెట్టేయలేదు.

"చివరి అంకె మళ్ళ చెప్పు అక్కా," అంది చివరికి. "వినవడలే."

విన్నదని నాకు తెలుసు. మళ్ళీ చెప్పాను.