చెవి మాస్టారు

ఆయన చొక్కాలను భార్య ఇంట్లో ఆరేయనిచ్చేది కాదు. కుడి జేబులో ఎప్పుడూ ఎండబెట్టిన మాంసం తునకలు ఉండేవి. ఎంత ఉతికినా ఆ వాసన పోయేది కాదు. పెరటి తీగ మీద చొక్కాలు గాలికి ఊగుతుంటే వీధి కుక్కలు గోడ అవతల కూర్చుని ఆకాశంలోకి చూసేవి.

ఆయన కుక్కలకు పాఠాలు చెప్పే మనిషి. గోడౌన్లు, తోటలు, పెద్ద ఇళ్లు, ఎక్కడ కాపలా కుక్క కావాలన్నా ఆయనకే కబురు వచ్చేది. కర్ర పట్టేవాడు కాదు, గొంతు పెంచేవాడు కాదు. ప్రాణికి నేర్పడమంటే రెండే సంగతులని ఆయన నమ్మకం. దేని వెనక ఏది వస్తుందో తెలియాలి. ఏం చేస్తే ఏం దక్కుతుందో తెలియాలి. చెప్పిన పని చేస్తే కుడి జేబులోంచి ఒక తునక. తప్పితే ఎడమ చెయ్యి వెళ్లి చెవి కొసను గిల్లుతుంది. అందుకే ఊళ్లో చెవి మాస్టారు అన్నారు. ఆ పేరంటే ఆయనకు మురిపెం.

"పొద్దుట్నుంచి మీరు చెప్పినవన్నీ చేశాను. నాకూ జేబులోంచి ఒకటి పడేయండి," అని భార్య ఎకసెక్కమాడేది.

ఆయనకు పేరు తెచ్చింది ఒక్క విద్య. పరాయివాళ్లు పెట్టింది కుక్క ముట్టకూడదు. దొంగలు తిండిలో మందు కలిపి విసురుతారు కదా. యజమాని తన గుట్టు మాట చెబితేనే తినాలి. ఆ మాట నేర్పే వేళకు మాస్టారు గది బయటికి వెళ్లిపోయేవాడు. "అది నాక్కూడా తెలియకూడదు. అదీ నా పనితనం," అనేవాడు.

ఒక సాయంత్రం గోడౌన్ వాచ్‌మన్ భార్య ఫోన్ చేసింది.

"అన్నయ్యా, మీ బావకి మాట పడిపోయింది. కుడి చెయ్యీ రావట్లేదు. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం."

"అయ్యో, ఎప్పుడు చెల్లెమ్మా?"

"అది కాదన్నయ్యా, నువ్వు పాఠం చెప్పిన మా కుక్క బొగ్గు ఏమీ తినడం లేదు. ఆయన పడిపోయినప్పట్నుంచీ ముద్ద ముట్టలేదు. నీళ్లు తాగుతోంది, అంతే. నువ్వొచ్చి ఆ మాటేదో చెప్పి పో, నీకు పుణ్యముంటుంది."

మాస్టారి దగ్గర ఆ మాట లేదు. అయినా వెళ్లాడు.

ముందు గదిలో మంచం మీద వాచ్‌మన్, మంచం కింద బొగ్గు. నల్లటి ఒంటి మీద పక్కటెముకలు తడి మట్టిలో వేళ్లు దువ్విన గీతల్లా ఉన్నాయి. గడపలో మాస్టారిని చూడగానే అది రెండు చెవులూ తలకు అంటించేసింది. మాస్టారు చూశాడు. అలా అంటుకున్న చెవులను వినయమని చదవడం ఆయనకు ఏళ్ల అలవాటు.

వాచ్‌మన్ భార్య పాలలో నానిన రొట్టె ముక్కను చేత్తో పట్టుకొచ్చింది. బొగ్గు ముక్కు అదిరింది. నోటి కొస నుంచి చొంగ సన్నటి దారంలా నేలకు దిగింది. అయినా మొహం గోడ వైపు తిప్పుకుంది.

"చూశావా? ఆకలి ఉంది. నా చెయ్యంటేనే..." ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "దీనికి నేర్పిన రోజు నువ్వే కదన్నయ్యా నన్ను పిలిచావు. పరాయి మనిషిలా పెట్టు చెల్లెమ్మా అన్నావు. నేను పెట్టడం, అది నోరు తెరవడం, నువ్వు గిల్లడం. కుయ్యిమనేది పాపం. ఇంకోసారి పెట్టు, ఇంకోసారి పెట్టు అన్నావు."

నిజమే. ఆ రోజు బయటి మనిషి ఎవరూ దొరకలేదు. తొందరలో ఇంటి మనిషినే పరాయిదాన్ని చేశాడు. రోజూ ఆ కుక్క కంచం కడిగే చెయ్యి అది. మాస్టారు తన ఎడమ చేతి వేళ్లను చూసుకున్నాడు.

"ఏమేం మాటలు చెప్పి చూశావు?"

"తిను అన్నాను, కానివ్వు అన్నాను, బంగారం అన్నాను. చివరికి మా అత్తగారి పేరు కూడా చెప్పాను. తలెత్తలేదు. బతికున్నప్పుడూ అది ఆవిణ్ని లెక్క చేయలేదులే."

మంచం మీద వాచ్‌మన్ ఎడమ చెయ్యి లేచింది. గోడకున్న మేకు వైపు చూపించింది. మేకుకు గోడౌన్ తాళాల గుత్తి వేలాడుతోంది.

"పొద్దస్తమానం ఇదే," అంది ఆమె. "డ్యూటీకి పోతానని సైగ చేస్తాడు. తాళాలు ఎక్కడికీ పోవు, పడుకోవయ్యా అంటాను. ఇంటికి రాగానే ఆ గుత్తిని గచ్చు మీద ధన్‌మని పడేసేవాడు. గచ్చు పగులుతుందని నేను అరిచేదాన్ని. ఆ తర్వాతే దీని చెవిలో ఏదో గొణిగి కంచం పెట్టేవాడు."

మాస్టారు గోడకు ఆనుకున్నాడు. తను గది బయట నిలబడి అంత భద్రంగా దాచిపెట్టిన మాట కంటే ముందే, రోజూ తాళాలు మాట్లాడాయి. కుక్క వాటినే నమ్ముకుంది.

"ఆ గుత్తి కింద పడెయ్ చెల్లెమ్మా."

తాళాలు గచ్చు మీద పడ్డాయి. బొగ్గు తల లేచింది. తోక నేలను ఊడ్చింది. మంచం కిందనుంచి పాక్కుంటూ వచ్చి ఆమె చేతి దాకా మెడ చాచింది. అక్కడ ఆగింది. దాని చూపు రొట్టె మీంచి జారి మాస్టారి ఎడమ చేతి మీద వాలింది. చెవులు మళ్లీ అంటుకుపోయాయి.

ఆయన చెయ్యి వీపు వెనక దాచుకున్నాడు. చెయ్యి లేని చోటునే చూస్తూ బొగ్గు వెనక్కి జరిగింది.

ఇన్నేళ్లలో ఎన్ని కుక్కలు తనను ఇలా చూశాయో. వాటన్నిటికీ పాఠం బాగా వచ్చిందని మురిసి, ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయాడు.

"నేనుంటే తినదు," అన్నాడు. "నేను వెళ్లాక మళ్లీ పడెయ్. తొందరపెట్టకు. రొట్టె నీ అరచేతిలోనే ఉండనీ. ఏం చేసినా దాని చెవి మాత్రం ముట్టుకోకు."

"టీ అయినా తాగలేదు కదన్నయ్యా."

ఆయన అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

బయట మలుపు దగ్గర కరెంటు స్తంభం కింద నిలబడ్డాడు. లోపల తాళాలు పడిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. మళ్లీ తాళాలు. మళ్లీ నిశ్శబ్దం, ఈసారి ఎక్కువసేపు.

"తింటోంది!" కిటికీలోంచి ఆమె కేక వినిపించింది. "నా చేతిలోదే తింటోందన్నయ్యా! నువ్వు మాత్రం లోపలికి రాకు!"

"రానమ్మా," అన్నాడు. ఆమెకు వినిపించి ఉండదు.

కుడి జేబు వాసన పట్టి వీధి కుక్కలు రెండు దగ్గరికి వచ్చాయి. ఆయన ఏమీ చేయించకుండానే జేబులోని తునకలన్నీ తీసి నేల మీద పోశాడు. అవి తింటున్నంతసేపూ ఎడమ చెయ్యి వీపు వెనకే ఉంది.