హైదరాబాదుకు సముద్రం ఇచ్చిన ప్రభ

రాష్ట్రాల సరిహద్దులు మార్చాలంటే కమిటీలు కావాలి, ఢిల్లీలో సంతకాలు కావాలి. నేను మాత్రం ఒక తెల్లగుడ్డా, నాలుగు మూటల సీరియల్ బల్బులూ పెట్టుకుని హైదరాబాదు పక్కకు సముద్రాన్ని తెచ్చాను. దాంతో నా పెళ్లి తప్పిపోవాల్సింది. నవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టండి, తర్వాత ఊపిరి చాలదు.

రాష్ట్రాన్ని విడదీస్తారని, సీమలో రెండు జిల్లాలను తెలంగాణలో కలుపుతారని ఒక ప్రతిపాదన నలుగుతున్న రోజులవి. ఆ గీత ఎటు పోతుందో నరసరావుపేట దగ్గర మా ఊళ్లో తెలియనివాడు లేడు. ఒకడు చెప్పింది ఇంకొకడు ఒప్పుకున్నదీ లేదు. ఇంతలో శివరాత్రి వచ్చింది. కోటప్పకొండకు మా ఊరూ ప్రభ కడుతుంది. ఆకాశమంత ఎత్తు చట్రం, దాని నిండా బల్బులు. ప్రభ పెత్తనం మా మేనమామ వెంకటప్పయ్యది. ఆయన కూతురు పద్మ అంటే నాకిష్టం. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

అప్పటికి నేను ఎలక్ట్రికల్ డిప్లొమా కొత్తగా పాసయ్యాను.

"మావయ్యా, ఈసారి ప్రభ మీద ఆ కొత్త రాష్ట్రాల పటం బల్బులతో వెలిగిద్దాం," అన్నాను.

"జనం మెచ్చుకుంటారంటావా?"

"చూస్తా ఉండు."

"మెచ్చుకుంటే ఫాల్గుణంలో ముహూర్తం పెట్టిస్తా. నవ్వారా, ఇంక పద్మ పేరు ఎత్తమాక."

బల్బులు గుడ్డ వెనక నుంచి దూర్చాలి. కాబట్టి వెనక్కి వెళ్లి, అక్కడే పటం గీసుకుని, అక్కడి నుంచే బెజ్జాలు పెట్టాను. సముద్రానికి నీలం, సరిహద్దుకు ఎరుపు. ముందుకొచ్చి ఒక్కసారి చూసుకున్నానా? లేదు. డిప్లొమా వాళ్లం కదా, మాకు మా మీద నమ్మకం ఎక్కువ.

మీకు ఈపాటికే అర్థమైపోయి ఉంటుంది. నాకు మాత్రం కొండ కింద మునిమాపు వేళ జనరేటర్ వేశాక అర్థమైంది.

"ఒరేయ్, సముద్రం ఎడమ పక్కకి పోయిందేందిరా?" అన్నాడు మావయ్య.

మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి అప్పటికే పటం ముందు నిలబడి లెక్క తేల్చుకున్నాడు. "ఎడమ దిక్కు మేమే గద. మాకు సముద్రమిచ్చిన్రు. గీ ప్రతిపాదనైతే మాకు సమ్మతమే."

జనం పగలబడి నవ్వారు. పద్మ కూడా నవ్వింది. అది చానా బాధ.

"వెనక నుంచి చూస్తే కరెక్టే మావయ్యా," అన్నాను.

"అయితే ఇంతమందినీ వెనక్కి పిలవమంటావా?"

"జనమెందుకు, ప్రభనే తిప్పుదాం."

మోకులు పట్టుకుని ఊరంతా చెమటోడ్చి తిప్పింది. సముద్రం తన చోటికి తను వచ్చింది. మావయ్య మొహం కాస్త తేటపడింది. అప్పుడు పూజారిగారు మెల్లగా అడిగారు. "పటం బాగుంది నాయనా. కొండ మీది స్వామికి ప్రభ వీపు పెట్టి నిలబెట్టారేం?"

మళ్లీ తిప్పాం. హైదరాబాదుకు మళ్లీ సముద్రం.

ఈ తిరుగుడు చూడ్డానికి మిగతా ప్రభల దగ్గరి జనం కూడా ఇటే వచ్చేశారు. మావయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. పొరుగూరి ప్రభ పెద్ద వచ్చి, "ఏందయ్యా, మా ప్రభ కాడ పిట్ట కూడా లేదు. మనుషులంతా నీ కాడే," అని మొహం మాడ్చుకున్నాడు. ఆ మాడిన మొహం చూశాక మావయ్యకు ప్రాణం లేచొచ్చింది. "నవ్వితే నవ్వారు గానీ, వచ్చారు గదా," అని మీసం సవరించుకున్నాడు.

ఫాల్గుణంలోనే పెళ్లయింది. మూడు ముళ్లు వేయడానికి నేను పద్మ వెనక్కి వెళ్లి నిలబడితే, మావయ్య పందిరంతా వినబడేలా అన్నాడు. "అయ్యగారూ, వీడు వెనక నుంచి పని మొదలుపెట్టాడు. మీరు ముందు నుంచి ఓసారి చూసుకోండి."

అందుకే త్రికోటేశ్వరస్వామి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ జన్మలో ఏ రాష్ట్రానికీ సముద్రం ఇవ్వను, ఎవరొచ్చి ఎంత బతిమాలినా సరే.