పుక్కిట నీళ్లు

లెక్కల సారు పోయాడని పొద్దున్నే ఆయన కొడుకు ఫోన్ చేశాడు. జనగామలో దొరికిన రైలెక్కి మహబూబాబాద్ బయలుదేరాను. దారి పొడుగునా ఒకటే బాధ. ఆయనకు చెప్పిన ఒక అబద్ధాన్ని ఒప్పుకోవడానికి ఇన్నేళ్లూ ఆలస్యం చేశాను.

ఆయన భూపాలపల్లి నుంచి బదిలీ మీద మా బడికి వచ్చాడు. ఐదు పూటలా నమాజు చేసే మనిషి. నేను సైన్సు చెప్పేవాణ్ని, దేవుడూ ఆత్మా అంటే నమ్మకం లేదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పగానే మా వాదన మొదలయ్యేది.

"మనిషంటే తిన్న తిండి, పెరిగిన తావు, చేసే పని. గవి మారితె మనిషి మారుతడు. అండ్ల ఆత్మ యాడున్నది సారు?" అనేవాణ్ని.

"మనిషి మట్టి అని మీరంటరు, నేను గాదన్ననా? మీరు మట్టికాడ ఆగుతరు. గా మట్టిల అల్లా ఊపిరి ఊదిండంట నేను."

మంచిని గుర్తుపట్టే గుణంతోనే ప్రతి మనిషీ పుడతాడట. దాన్ని ఫిత్రత్ అంటారట. తప్పు చేశాక లోపల కూర్చుని మనల్ని తిట్టే మనసు కూడా ఒకటి ఉంటుందట. అదంతా చిన్నప్పటి పెంపకమేనని నేను కొట్టిపారేసేవాణ్ని. "అయితదేమో," అంటూ ఆయన పెరుగన్నం కలుపుకునేవాడు. అబ్బా, ఆ నిదానం చూస్తే ఒళ్లు మండేది!

ఒక ఏడు రంజాన్ జూన్‌లో వచ్చింది. ఎండలింకా తగ్గలేదు. నమాజుకు ముందు ఆయన బడి నల్లా దగ్గర నోటినిండా నీళ్లు పోసుకుని, పుక్కిలించి, చుక్క మింగకుండా ఉమ్మేస్తున్నాడు.

"ఎవ్వలు సూస్తలేరు గద సారు, ఒక్క గుక్క మింగితె ఏమైతది?" అన్నాను.

"పైనున్నోడి సంగతి ఇడిసిపెట్టుండ్రి, నేనైతె సూస్తున్న గద!"

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. దప్పిక దేహానిది, సరే. మరి వద్దన్నది ఎవరు? సైన్సు వాణ్ని కదా, నా మీదే ప్రయోగం చేద్దామని, ఆయనకు చెప్పి మర్నాడు నేనూ రోజా ఉపవాసం ఉన్నాను. మూడింటి దాకా బాగానే గడిచింది. తర్వాత ఎవరూ లేనప్పుడు నల్లా దగ్గర పుక్కిలిస్తూ గుటుక్కున మింగేశాను. సాయంత్రం ఆయన నా చేతిలో ఖర్జూరం పెట్టి, "రోజా పూర్తయిందా సారు?" అని అడిగితే "అయింది" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. సిగ్గేసింది. రిటైరయ్యాక ఎన్నిసార్లు ఫోన్లో మాట్లాడుకున్నా ఆ ఒక్క ముక్క నా నోటి నుంచి రాలేదు.

ఖబరస్తాన్‌లో అందరితో పాటు నేనూ మూడు పిడికిళ్ల మట్టి వేశాను. కొడుకు వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"మీ ముచ్చట మా అబ్బ మస్తు చెప్పేటోడు సార్. దేవుణ్ణి నమ్మని మనిషి, ఎవ్వలు లేనికాడ గూడ గుక్క నీళ్లు మింగలే, ఫిత్రత్ అంటె గదే అని."

నా అబద్ధమే ఆయన వాదనకు రుజువైంది! నిజం చెబుదామనుకున్నాను, చెప్పలేదు. ఇన్నేళ్లుగా నన్ను పీకుతున్నది నా పెంపకమా, ఆయన చెప్పిన ఆ తిట్టే మనసా? అడుగుదామంటే ఆయనే లేడు.

చేతుల మట్టి కడుక్కోవడానికి గేటు పక్కనున్న నల్లా దగ్గరికి వెళ్లాను. గొంతు ఎండిపోయింది. నోట్లో నీళ్లు పోసుకున్నాను. ఉపవాసం లేదు, చూసేవాళ్లూ లేరు. అయినా ఆ నీళ్లు పుక్కిట పట్టుకుని అలాగే నిలబడిపోయాను.