లిఫ్టమ్మ

శాసనసభ గుమాస్తాలు ఆమెకు పెట్టిన పేరు లిఫ్టమ్మ. మత సంఘం తరఫున ఏ బిల్లు గురించి చెప్పాలన్నా ఆమె సభ్యుల వెంట లిఫ్టు ఎక్కుతుంది. తలుపు మూసుకున్నాక వాళ్లు ఎక్కడికీ పోలేరు. "లిఫ్టమ్మ వచ్చింది, మెట్లెక్కండి సార్!" అని గుమాస్తాలు నవ్వుకుంటారు. ఆమె మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, కళ్లు దించుకుని, మెల్లగా మాట్లాడుతుంది. ఈసారి సంఘం పాస్ చేయించాలనుకుంటున్నది విడాకులను కష్టతరం చేసే బిల్లు. ఆ రోజు ఒక ముసలి సభ్యుడితో ఆమె లిఫ్టు ఎక్కగానే, చెంప కమిలిన ఆమె కూతురు పెట్టెతో లోపలికి దూరింది. "ఇంక మా ఆయన దగ్గరికి పోనమ్మా. మీ బిల్లు పాసైతే నా గతేంటి?" సభ్యుడు ఆ చెంప చూశాడు. "ఇప్పుడు చెప్పండమ్మా, ఓటు ఎటు వేయమంటారు?" ఆమె కక్కలేక మింగలేక కూతురి పెట్టె అందుకుంది. "సంఘం మాటే నా మాటండీ." తలుపు తెరుచుకుంది. సభ్యుడు దిగాడు, వెనకే కూతురూ వట్టి చేతులతో దిగిపోయింది. ఆమె పెట్టె పట్టుకుని లోపలే నిలబడి ఉండగా తలుపు మూసుకుంది.