నాలుగో దెబ్బ

దయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వెళ్ళిపోయే రకం. మా ఇంట్లో మూడు తరాలుగా మిషన్ చర్చికి వెళ్తున్నాం. చనిపోయినవాళ్ళు కడబూర మోగేదాకా నిద్రలోనే ఉంటారు, మధ్యలో లేచి తిరగరు అని చిన్నప్పుడే సండే స్కూల్లో నేర్పారు. దానికి తోడు నా పని కూడా అలాంటిదే. బళ్ళారి పక్కన మిరపకాయలు నిలవ చేసే ఒక కోల్డ్ స్టోరేజీలో ఇరవై ఆరేళ్ళుగా మెకానిక్‌ని. చీకటి గదుల్లో చప్పుళ్ళు, పైపుల మూలుగులు రోజూ వినేవే. వెతికితే ప్రతి చప్పుడు వెనకా ఒక వదులైన బోల్టు దొరుకుతుంది. ఈ ఒక్క చప్పుడుకి మాత్రం దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

ముందు తిప్పన్న మేస్త్రి గురించి చెప్పాలి. నాకు పని నేర్పింది ఆయనే. ఆయన సొంతూరు మోక. ఆయనకు ఒక నియమం ఉండేది. సాయంత్రం గది తలుపు మూసేముందు పెద్ద స్పానర్‌తో తలుపు మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. రెండు వెంటవెంటనే, కాస్త ఆగి ఒకటి. లోపల ఎవరైనా మిగిలిపోయి ఉంటే తిరిగి కొట్టాలి. అది వినబడితే బయటివాడు "విన్నాను" అన్నట్టు ఇంకొక్క దెబ్బ కొట్టి తలుపు తీయాలి. ఆయన కుర్రతనంలో ఎక్కడో ఒక హమాలీ మూటల వెనక కునుకు తీస్తుంటే చూసుకోకుండా తలుపు వేసేశారట. ఆ కథ అంతవరకే చెప్పేవాడు. మిగతాది మేమూ అడగలేదు.

ఆయన రిటైరయ్యాక కొత్త తలుపులు వచ్చాయి. లోపలినుంచి తెరుచుకునే మీట, అలారం, అన్నీ ఉన్నాయి. నేను దెబ్బలు కొట్టడం మానేశాను. ఒకరోజు ఆయన ఊరికే చూసిపోదామని వచ్చి, నేను తలుపు మూయడం చూశాడు.

"కొట్టలేదేందప్పా?" అన్నాడు.

"లోపల అలారం ఉండాది మేస్త్రీ. ఇంకా తలుపులు బాదుకుంటా ఉంటే జనం నవ్వుతారు" అన్నాను. పక్కనున్న హమాలీలు నిజంగానే నవ్వారు.

"నవ్వితే నవ్వనీప్పా. మూసేటోడిదే పూచీ" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. మరుసటి ఏడాది పోయాడని కబురొచ్చింది. మిరపకాయల సీజను, లారీలు వరసలో ఉన్నాయి. మోక ఎంతో దూరం కూడా కాదు. రేపు వెళ్దామనుకున్నాను, వెళ్ళలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

ఇక వ్యాను సంగతి. మా అమ్మాయి మెర్సీకి అప్పుడు పదకొండేళ్ళు. నోట్లోంచి పొగలు వచ్చేంత చలి చూడాలని దాని కోరిక. మా బళ్ళారిలో ఆ చలి ఎక్కడిది? దుప్పటి కప్పుకుంటే అదే మాకు చలికాలం. హోటలు గదులకు డబ్బు పోసే బదులు ఇల్లులాగా పనికొచ్చే బండి ఉంటే మేలనిపించి, కౌల్ బజార్‌లో ఒక పాత ట్రావెలర్ వ్యాను కొన్నాను. సీట్లు పీకి మంచం, అల్మరా పెట్టించాను. చలి ఆపే పని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. చలిని గదిలో ఆపడం నా వృత్తి. అదే చలిని బయట ఆపలేనా అనుకున్నాను.

లోపలి రేకులన్నీ విప్పి తుప్పు గీకి రంగు వేశాను. గోడలకు, పైకప్పుకు, తలుపులకు మా గదులకు వాడే గట్టి నురుగు పలకలు, రెండంగుళాల పఫ్ షీట్లు కోసి అతికించాను. కింద థర్మాకోల్ పరిచి ప్లైవుడ్ వేశాను. కిటికీలకు వెండి కాగితం అంటించిన పలకలు చేశాను. అతుకు కనబడిన ప్రతిచోటా సిలికాన్ పట్టించాను. పైకప్పులో పాత ఓనరు పెట్టించిన గాలి కంత ఒకటి ఉండేది. దాన్నీ మూసేశాను. కోల్డ్ స్టోరేజీవాడికి కంత కనబడితే నిద్ర పట్టదు.

నా భార్య సుగుణ పక్కనే నిలబడి చూస్తూ, "అన్నీ మూసేస్తాండారే, గాలి యాడ్నుంచి వస్తాదండీ?" అంది.

"గాలి వచ్చే కంతలోనే చలీ వస్తాది. సుమ్మనుండు" అన్నాను.

పని ఎలా కుదిరిందో చూడాలని మిట్టమధ్యాహ్నం ఎండలో బండి నిలిపి, లోపల గంగాళంలో ఒక ఐసు దిమ్మ పెట్టాను. సాయంత్రానికి సగం పైనే మిగిలింది. ఎదురింటాయన వచ్చి, "ఏందప్పా ఇది, ఊళ్ళు తిరిగేకా, ఐసు అమ్మేకా?" అని నవ్వాడు. నాకు మాత్రం ఛాతీ ఉబ్బింది.

క్రిస్మస్ సెలవుల్లో ఊటీ వైపు వెళ్ళాం. రెండు రోజులు బ్రహ్మాండంగా గడిచాయి. మెర్సీ నోట్లోంచి పొగలు వదులుతూ ఒకటే నవ్వు. మూడో రోజు ఒక టీ తోట పక్కన, రోడ్డు వంపులో బండి ఆపాం. కాస్త అవతల ఒకామె తోపుడు బండి మీద మొక్కజొన్న కంకులు కాల్చి అమ్ముతోంది. మెర్సీ కంకి తింటూ బండి వెనక తలుపు ముందు నిలబడి ఫోటో తీయించుకుంది. ఈ ఫోటో సంగతి గుర్తుంచుకోండి.

మధ్యాహ్నం మూడు దాటాక సన్నగా వాన పట్టింది. సుగుణకు జ్వరం తగిలి పళ్ళు టకటకమని కొట్టుకున్నాయి. రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. నాకు భయమేసింది. చెట్టు కింద టీ కాచుకున్న కుంపటిలో బొగ్గులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. దాన్ని లోపలికి తెచ్చి మంచం దగ్గర పెట్టి తలుపు గొళ్ళెం వేశాను.

బొగ్గుల సెగ ప్రమాదమని నాకు తెలియదా అంటే, విన్నాను. కానీ నా బతుకంతా గదులను చల్లబరిచే అమోనియా గ్యాసు మధ్య గడిచింది. అది చెంచాడు లీకైనా ముక్కు పగిలిపోతుంది, పరుగెత్తి బయట పడతాం. గ్యాసంటే ముక్కు చెబుతుందని నా నమ్మకం. కుంపటి దగ్గర ఏ వాసనా లేదు. వెచ్చగా, హాయిగా ఉంది. సుగుణ వణుకు తగ్గింది. మెర్సీ తల్లి పక్కన చేరింది. నేను నేల మీద గోడకు ఆనుకుని కూర్చున్నాను.

తర్వాత తల బరువెక్కడం గుర్తుంది. లేవాలనుకుని లేవలేకపోవడం గుర్తుంది.

అప్పుడు వెనక తలుపు మీద దెబ్బలు వినబడ్డాయి. రెండు. ఆగి ఒకటి.

నేను ఏమీ ఆలోచించలేదు. కోల్డ్ స్టోరేజీలో ఉన్నాననే అనుకున్నాను. మేస్త్రి తలుపు మూస్తున్నాడు, నేను లోపల ఉన్నాను, జవాబు చెప్పకపోతే పోతాను. అంతే తోచింది. ఎలాగో చెయ్యెత్తి గోడ మీద కొట్టాను. పిడికిలి కూడా బిగియలేదు, అరచేత్తో తట్టినట్టు తట్టాను. బయటనుంచి ఇంకొక్క దెబ్బ పడింది.

విన్నాడు అనుకున్నాను. నియమం ప్రకారం ఆయనే తలుపు తీయాలి. గొళ్ళెం లోపల ఉందని ఎలా గుర్తొచ్చిందో, పాకుతూ వెళ్ళి తీశాను. తలుపుతోపాటు నేనూ బురదలో పడ్డాను. చల్లగాలి తగిలాక వాంతయింది. మళ్ళీ లోపలికి వెళ్ళి ముందు బిడ్డను, తర్వాత తల్లిని లాగాను. మెర్సీ పెదవులు చెర్రీ పండు రంగులో ఉన్నాయి. ఎంత పిలిచినా పలకలేదు. నా కేకలకు కంకులామె పరుగెత్తుకొచ్చి జీపు ఆపింది.

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఆ రాత్రంతా ప్రార్థన ఒక్కటే. తెల్లవారుజామున మెర్సీ కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. బొగ్గుల గ్యాసుకు వాసన ఉండదని, ఇంకో పావుగంట ఆలస్యమైతే ముగ్గురూ మిగిలేవారు కాదని డాక్టరు అన్నాడు. దెబ్బల సంగతి చెబితే, మెదడుకు గాలి అందనప్పుడు అలాంటివి వినబడతాయన్నాడు. నాకూ అదే సబబనిపించింది. తేలికపడ్డాను కూడా.

రెండు రోజుల తర్వాత బండి కోసం వెళ్ళాను. వెనక తలుపు మీద నాలుగు గుంటలున్నాయి. మూడు ఒకే వరసలో, నాలుగోది కొంచెం కింద. ఒక్కొక్కటి బొటనవేలు పట్టేంత. బయటినుంచి లోపలికి పడ్డ గుంటలు. ఆ రోజు తీసిన మెర్సీ ఫోటో ఫోన్‌లో తెరిచి చూశాను. అందులో ఆ తలుపు నున్నగా ఉంది. నా స్పానర్లన్నీ మంచం కింద పెట్టెలోనే ఉన్నాయి.

కంకులామెను అడిగాను. ఆ వేళ బండి దగ్గరికి ఎవరు వచ్చారని.

"యారూ బరలిల్ల అణ్ణా" అంది కన్నడంలో. ఎవరూ రాలేదు. చప్పుడు మాత్రం విన్నదట, నేనే ఏదో రిపేరు చేసుకుంటున్నాననుకుందట. ఎన్ని దెబ్బలు అని అడిగాను. ఆమె పట్టకారు తీసుకుని తన బండి రేకు మీద కొట్టి చూపించింది. రెండు. ఆగి ఒకటి. కాసేపాగి మరొకటి.

మధ్యలో నేను తట్టింది ఆమెకు వినబడలేదు. వినబడదు కూడా. రెండంగుళాల పఫ్ దాటి ఆ మాత్రం చప్పుడు బయటికి రాదు, అది నేను నా చేతులతో చేసిన పని. మరి తలుపు బయటున్నవాడికి ఎలా వినబడింది?

దేవుడు దూతను పంపాడని సుగుణ అంటుంది. దూతకు మా కోల్డ్ స్టోరేజీ లెక్క ఎలా తెలుసని అడిగితే, "బతికుండారు గదా, ఇంకేంది మీకు?" అంటుంది. పాస్టరుగారు విని, దీని గురించి ఎక్కువ మాట్లాడొద్దన్నారు.

ఊరికి రాగానే బండి పైకప్పులో ఒకటి, నేలకు దగ్గరగా ఒకటి కంతలు కోసి జాలీ బిగించాను. మేస్త్రి నియమం మళ్ళీ మొదలుపెట్టాను. కుర్రాళ్ళు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. మోకకూ వెళ్ళి ఆయన సమాధి దగ్గర కాసేపు నిలబడి వచ్చాను.

గుంటలు సరిచేయించలేదు. పిలిస్తే పలికే దూరంలో ఉండి కూడా మట్టి వేయడానికి వెళ్ళనివాణ్ణి నేను. నాలాంటివాడి కోసం ఆయన అంత దూరం వచ్చాడని నమ్మడానికి నాకు ముఖం చెల్లదు. రాలేదని చెప్పడానికి నోరు రాదు.