గోరున్న పిల్ల

సెప్టెంబరు ఐదో తారీకున మా స్టాఫ్‌రూములో అడుగుపెట్టాలంటే నాకు ఒళ్ళు మంట. పిల్లలు తెచ్చిన గులాబీలు, చామంతులు, పెరట్లోంచి తుంచుకొచ్చిన మందారాలు, మెరుపు కాగితం చుట్టిన బొకేలు, వాటిమీద కొట్టిన సెంటు, అన్నీ ఫ్యాను గాలికి మగ్గి మధ్యాహ్నానికల్లా గదంతా ఒకటే కంపు. "పూలు పడవా మేడం, ఎలర్జీనా?" అని కొత్తగా వచ్చిన టీచర్లు అడుగుతారు. అవునంటాను. ఎలర్జీ అంటే మాత్ర పేరు చెప్పి ఊరుకుంటారు, కోపమంటే కారణం అడుగుతారు. సత్తెనపల్లి దగ్గర హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను నేను. ఏటా పువ్వు బొమ్మ గీసి రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రాలు, కేసరాలు, అండాశయం అని బాణం గుర్తులు పెడతాను. వాటి పేర్లు తెలియక ముందే నా కుడిచేతి బొటనవేలి గోటికి అవన్నీ తెలుసు.

మా ఊళ్ళో పూలు ఎవరివి వాళ్ళకి ఉండేవి, మాకు తప్ప. మా అమ్మానాన్న కూలికి పోయే ఆసామి వెంకయ్యగారింట్లో కనకాంబరాల మడి, మరువం కుండీలు, గోడ పొడుగునా సన్నజాజి పందిరి ఉండేవి. మిరప చేను గట్ల వెంట బంతి వేసేవాళ్ళు, పురుగు పూలకి పోయి కాయని వదిలేస్తుందని. దసరా వచ్చిందంటే ఆ బంతిపూలు కోసి గుమ్మానికీ, ఎద్దుల కొమ్ములకీ, ట్రాక్టరుకీ, ఆఖరికి పురుగుమందు కొట్టే స్ప్రేయరుకి కూడా దండలేసి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టేవాళ్ళు. ఆ స్ప్రేయరుని ఏడాది పొడుగునా వీపున మోసి, రాత్రుళ్ళు కళ్ళు మండి నిద్రపట్టక దొర్లే మా నాన్న ఆ పూట గుమ్మం బయట నిలబడి కొబ్బరిముక్క అందుకునేవాడు. పురుగుకి పెట్టినపాటి పూలు మనిషికి పెట్టలేదు వాళ్ళు. పోనీ మా చర్చిలోనైనా పెట్టుకుందామా అంటే, పాస్టరమ్మగారు జడలో పువ్వు కనబడితే చాలు, "ఏమ్మా, లోకాశలా?" అని అందరి ముందూ అడిగేది. క్రిస్మస్‌కి మాత్రం ఆవిడే దగ్గరుండి మా చేత రంగు కాగితాలతో పూలు చేయించి, మైదాపిండి ఉడికించిన జిగురుతో తాళ్ళకి అంటించి, గోడల నిండా కట్టించేది. కాగితం పూలకి లోకం అంటదు కాబోలు.

మాకు మిగిలింది గోరింటాకు. మా పేట బోరింగు పక్కన ఒక పొద ఉండేది. అది ఏ ఆసామిదీ కాదు, దాని జోలికి పాస్టరమ్మగారూ రాలేదు. తొలకరి పడి పొద చిగురించగానే ఆకు దూసుకొచ్చి, చింతపండు వేసి, రోట్లో మెత్తగా రుబ్బి, చేతులకి పెట్టుకుని, అమ్మ ముద్దలు కలిపి నోట్లో పెడుతుంటే గోంగూర పచ్చడీ అన్నమూ తిని, చేతులు పైకెత్తి పడుకునేవాళ్ళం. నా చెల్లెలు రూతుకి దానిమీద పిచ్చి. ఎర్రదనం గోళ్ళకి నిండుగా కనబడాలని గోళ్ళు పెంచేది. నెలలు గడిచి గోరు పెరిగేకొద్దీ ఎరుపు కొసకి జరిగిపోతుంటే రోజూ వేళ్ళు చాపి నాకు చూపించి దిగులుపడేది. నేను చెప్పబోయే ఏటికి దానికి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. నాకు పది, అయిదో తరగతి.

వెంకయ్యగారు ఏదో కంపెనీకి పత్తి విత్తనం పండించేవాడు. ఆ చేలో పనిని క్రాసింగ్ అనేవాళ్ళు. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గని పట్టుకుని, బొటనవేలి గోరు గుచ్చి, చుట్టూ తిప్పి, రేకలతో పాటు పుప్పొడి తిత్తులన్నీ ఒలిచేయాలి. నడిమి కాడ మాత్రం గీత పడకుండా మిగలాలి. దానికి ఎర్రకాగితం తొడగాలి. పొద్దున్నే మగ మొక్కలని వేరేగా వేసిన రకం పూలు కోసుకొచ్చి, కాగితం తీసి, ఆ కాడకి పుప్పొడి అద్దాలి. పెద్దవాళ్ళ వేళ్ళు మొద్దువని, వంగితే నడుము పట్టేస్తుందని ఆడపిల్లల్నే పెట్టేవాళ్ళు. పత్తి పువ్వు పొద్దున లేత పసుపు, మాపటికి గులాబి రంగు అని కవితలు రాసేవాళ్ళని ఒక్క సాయంత్రం ఆ చేలో వంచి నిలబెట్టాలి. ఆకులకి అంటిన మందు గోటికింద చేరి మండేది, ఆ వేలు నోట్లో పెట్టుకోకుండా అన్నం తినడం ఒక విద్య.

పని మొదలయ్యే ముందు వెంకయ్యగారు గట్టుమీద మమ్మల్ని వరసగా నిలబెట్టి, "గోరు చూపించండే" అనేవాడు. శనివారాలు బళ్ళో మాస్టారు బెత్తం పట్టుకుని అదే మాట అనేవాడు. ఒకాయనకి గోరు ఉండాలి, ఒకాయనకి ఉండకూడదు. అంతకుముందు ఏడాది నేను చేలోకి పోయి, దసరా నుంచి క్రిస్మస్ దాకా బడి పోగొట్టుకున్నాను. ఈసారి మాస్టారు కచ్చితంగా చెప్పేశాడు. "ఈ సీజనుకి కూడా పోయావంటే పేరు కొట్టేస్తా. ఇక రానక్కర్లేదు." ఆయనకి బెత్తం పట్టుకోవడం వచ్చుగానీ మా ఇంటికొచ్చి ఆ మాట మా నాన్నతో అనడం రాలేదు.

పని మొదలయ్యే ముందురోజు సాయంత్రం అమ్మానాన్న ఇంటికి రాకముందే రూతుని భుజాలమీద ఎక్కించుకున్నాను. చూరులో దోపిన నాన్న గడ్డం బ్లేడు అదే తీసిచ్చింది. బొటనవేలి గోరు చిగురుదాకా కోసేశాను, కాస్త నెత్తురు కూడా వచ్చింది.

"నావీ కొయ్యక్కా" అని చెయ్యి చాపింది.

"వద్దులే. ఎర్రగా బాగున్నాయి, ఉంచుకో" అన్నాను.

మర్నాడు గట్టుమీద వెంకయ్యగారు నా వేలు పట్టుకుని చూసి, అమ్మ మీద విరుచుకుపడ్డాడు. "గోరు లేని పిల్లని తెచ్చి నా నెత్తిన పెడతావా? పిల్లనిస్తానని మాటిచ్చావా లేదా?"

"పెరుగుద్ది బాబుగారూ, ఓ పది రోజుల్లో..."

"పది రోజులు పువ్వు ఆగుద్దా? ఇంకో పిల్ల లేదూ నీకు?"

అమ్మ నన్ను అక్కడే ఒక్కటి చరిచి, ఇంటికెళ్ళి రూతుని తీసుకొచ్చింది. వెంకయ్యగారు దాని చెయ్యి వెలుతురులో పెట్టి తిప్పి చూశాడు. కొసల్లో గోరింటాకు ఎరుపు ఇంకా ఉంది.

"ఇదీ గోరంటే" అన్నాడు.

నేను బడికి పోయాను. రూతు ఆ ఏడూ, ఆ తర్వాత అయిదేళ్ళూ చేలోకి పోయింది. మాస్టారు దాని పేరు ఎప్పుడు కొట్టేశాడో ఎవరూ చూడలేదు.

ఇప్పుడు ఆ విత్తనం చేలు లేవు. వెంకయ్యగారి పొలంలో రాళ్ళు పాతి ప్లాట్లు వేశారు, అమ్ముడుపోనివాటిలో తుమ్మ మొలిచింది. బోరింగు పక్క పొద సిమెంటు రోడ్డు కింద పోయింది, పిల్లలు కొట్లో గోరింటాకు కోన్ కొనుక్కుంటున్నారు. రూతు గుంటూరు శివారున కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయల తొడిమలు తీస్తుంది. పాస్టరమ్మగారు పోయాక జడలో పూలు పెట్టుకుంటోంది. అందుకని ఏటా టీచర్స్ డే పూలన్నీ సంచిలో కుక్కి దానికే ఇచ్చొస్తాను.

మొన్న కూడా ఇచ్చాను. గులాబీ ఒకటి జడలో దోపుకుని, వాళ్ళాయన గురించీ, కారం ఘాటుకి ఆగని దగ్గు గురించీ చెబుతూ, సంచిలోంచి మందార మొగ్గ తీసి, చూడకుండానే గోరు గుచ్చి, చుట్టూ తిప్పింది. రేకలన్నీ ఒక్క ముక్కగా ఊడొచ్చాయి. నడిమి కాడమీద గీత కూడా పడలేదు.

"ఆ రోజు నావీ కొయ్యమన్నాను, గుర్తుందా అక్కా?"

"ఉంది."

"ఎర్రగా బాగున్నాయన్నావు."

"అన్నాను."

"అందుకేనా వద్దన్నావు?"

ముప్పై ఏళ్ళుగా ఆసామినీ, మాస్టారునీ, పాస్టరమ్మనీ, పువ్వు జాతి మొత్తాన్నీ తిట్టుకుంటూ వచ్చాను. నా పేరు మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు.

"కాదు రూతూ" అన్నాను.

అది తల ఊపింది. ఒలిచిన కాడని నా అరచేతిలో పెట్టి, "రేపు మీ పిల్లలకి చూపించు, బాగా వచ్చింది" అని టీ పెట్టడానికి లేచింది.